మాంచెస్టర్ యునైటెడ్ 2024-25: అమోరిమ్ వ్యూహం బయటపెట్టిన లోటు

2024-25 ఇంగ్లిష్ ప్రీమియర్ లీగ్‌ను మాంచెస్టర్ యునైటెడ్ 42 పాయింట్లతో 15వ స్థానంలో ముగించింది. 38 మ్యాచ్‌లలో 11 గెలిచి, 9 డ్రా చేసుకుని, 18 ఓడిపోయింది. 44 గోల్స్ చేసి 54 గోల్స్ ఇచ్చుకుంది. 1973-74లో కింది డివిజన్‌కు జారిపోయిన తరువాత ఆ క్లబ్ లీగ్‌లో ఇంత హీనంగా ఆడిన సీజన్ మరొకటి లేదు. విచిత్రమేమిటంటే, ఇదే జట్టు అదే సీజన్‌లో ఐరోపా క్లబ్‌ల రెండో స్థాయి పోటీ అయిన యూరోపా లీగ్‌లో ఫైనల్ వరకు ఒక్క మ్యాచ్ కూడా ఓడకుండా వెళ్లింది. సీజన్ మధ్యలో బాధ్యతలు తీసుకున్న పోర్చుగీసు కోచ్ రూబెన్ అమోరిమ్ తన 3-4-3 పద్ధతిని (వెనుక ముగ్గురు, మధ్యలో నలుగురు, ముందు ముగ్గురు) పట్టుకుని వేలాడటమే ఈ పతనానికి కారణమన్న వివరణ బాగా ప్రచారంలోకి వచ్చింది. ఆ వివరణలో కొంత నిజముంది. అయితే అంకెలను, మ్యాచ్‌లను దగ్గరగా పరిశీలిస్తే, ఆ పద్ధతి కొత్తగా పుట్టించిన లోపాల కన్నా అంతకుముందే ఉన్న లోపాలను దాచే వీలు లేకుండా చేసిన తీరే ఎక్కువగా కనిపిస్తుంది.

కథ మొదలైంది అమోరిమ్ రాకతో కాదు. 2023-24 సీజన్‌ను 8వ స్థానంలో ముగించిన యునైటెడ్, 2024 మే 25న ఇంగ్లండ్ నాకౌట్ టోర్నీ ఎఫ్ఏ కప్ ఫైనల్‌లో మాంచెస్టర్ సిటీని 2-1తో ఓడించింది. ఆ ఒక్క గెలుపు అప్పటి కోచ్ ఎరిక్ టెన్ హాగ్ ఉద్యోగాన్ని నిలబెట్టింది. క్లబ్ యాజమాన్యం ఇతర కోచ్‌లతో మంతనాలు జరిపి, చివరకు ఎవరూ కుదరక, జులైలో టెన్ హాగ్ ఒప్పందాన్నే 2026 వరకు పొడిగించింది. ఆ వేసవిలో జోషువా జిర్క్‌జీ, లెనీ యోరో, మతైస్ డి లిట్, నుసైర్ మజ్రావి, మాన్యువెల్ ఉగార్టెల కోసం దాదాపు 20 కోట్ల పౌండ్లు ఖర్చు చేసింది. తొలి 9 లీగ్ మ్యాచ్‌లలో జట్టుకు వచ్చినవి 11 పాయింట్లు, చేసిన గోల్స్ 8 మాత్రమే. అక్టోబరు 27న వెస్ట్ హామ్ చేతిలో 2-1తో ఓడే సరికి జట్టు 14వ స్థానంలో ఉంది. మరునాడే టెన్ హాగ్‌ను తప్పించారు. జులైలోనే పొడిగించిన ఒప్పందాన్ని తెంచినందుకు పరిహారం చెల్లించారు.

ఆ వెంటనే చూపు లిస్బన్ వైపు మళ్లింది. 39 ఏళ్ల అమోరిమ్ 2020 మార్చిలో స్పోర్టింగ్ క్లబ్ పగ్గాలు చేపట్టి, 19 ఏళ్ల విరామం తరువాత 2020-21లో ఆ క్లబ్‌కు లీగ్ టైటిల్ తెచ్చిపెట్టాడు. 2023-24లో మరోసారి గెలిపించాడు. 2024-25 సీజన్‌లోనూ ఆయన ఉన్నంతకాలం స్పోర్టింగ్ ఆడిన 11 లీగ్ మ్యాచ్‌లూ గెలిచింది. సీజన్ ముగిశాక వస్తానని తాను అడిగితే, ఇప్పుడు రాకపోతే ఇక ఎప్పటికీ లేదన్న జవాబు వచ్చిందని అమోరిమ్ తరువాత బహిరంగంగానే చెప్పాడు. యునైటెడ్ దాదాపు 1.1 కోట్ల యూరోలు స్పోర్టింగ్‌కు చెల్లించి ఆయనను నవంబరు 11 నుంచి తెచ్చుకుంది. మధ్యలో తాత్కాలికంగా నడిపించిన రూడ్ వాన్ నిస్టెల్‌రోయ్ నాలుగు మ్యాచ్‌లలో మూడు గెలిచి, ఒకటి డ్రా చేసుకున్నాడు. లీగ్ వరకు చూస్తే ఆ రెండు మ్యాచ్‌లతో నాలుగు పాయింట్లు వచ్చాయి. అంటే అమోరిమ్ చేతికి వచ్చేసరికి జట్టు 11 మ్యాచ్‌లలో 15 పాయింట్లతో ఉంది. మిగిలిన 27 మ్యాచ్‌లలో ఆయన రాబట్టినవి 27 పాయింట్లు: 7 గెలుపులు, 6 డ్రాలు, 14 ఓటములు.

అమోరిమ్ పద్ధతి ఏం కోరుతుందో కొంచెం వివరంగా చూడాలి. ఆయన జట్టు ముగ్గురు సెంటర్ బ్యాక్‌లతో, అంటే గోల్ ముందు మధ్యలో ఉండే డిఫెండర్లతో, నిలుస్తుంది. ఇరువైపులా ఇద్దరు వింగ్ బ్యాక్‌లు గీత వెంట పైకీ కిందికీ పరుగెడుతూ ఉంటారు. మధ్యలో ఇద్దరే మిడ్‌ఫీల్డర్లు ఉంటారు. వారి ముందు, స్ట్రయికర్‌కు కాస్త వెనుకగా, మైదానం లోపలి దారుల్లో ఆడే ఇద్దరు అటాకర్లు ఉంటారు. బంతి తమ దగ్గర ఉన్నప్పుడు వింగ్ బ్యాక్‌లు పైకి చేరడంతో ముందు వరుసలో ఐదుగురు కనిపిస్తారు. బంతి పోగానే వారు వెనక్కి వచ్చి ఐదుగురి రక్షణ వరుస కడతారు. కాగితం మీద ఇది ముందూ వెనుకా మనుషులు నిండుగా ఉన్న ఏర్పాటు. అందుకు చెల్లించే మూల్యం మధ్యలో ఉంటుంది. అక్కడ ముగ్గురు ఉండాల్సిన చోట ఇద్దరే ఉండటం వల్ల, ఆ ఇద్దరూ మైదానం అడ్డంగా ఒక చివరి నుంచి మరో చివరికి కదులుతూ ఖాళీలు పూడ్చగలిగే దమ్మున్నవారై ఉండాలి. స్పోర్టింగ్‌లో ఆ పని మోర్టెన్ హ్యూల్మండ్ వంటివారు చేసేవారు. ముందు విక్టర్ గ్యోకెరెస్ అనే స్ట్రయికర్, పొడవుగా కొట్టిన బంతిని కూడా ఒంటరిగా అదుపులోకి తెచ్చుకుని గోల్‌గా మలచగలవాడు, ఉండేవాడు. 2023-24 పోర్చుగల్ లీగ్‌లో అతడు 29 గోల్స్ చేశాడు.

యునైటెడ్‌లో ఆ స్థానాలకు ఎవరున్నారు? ఎడమ వింగ్ బ్యాక్‌గా ఆడగల ల్యూక్ షా, టైరెల్ మలాసియా ఇద్దరూ గాయాలతో నెలల తరబడి మైదానానికి దూరమైనవారే. దాంతో కుడికాలి ఆటగాడైన డియోగో డాలో ఎడమవైపు నిలిచాడు. అతడు గీత వెంట పైకి వెళ్లిన ప్రతిసారీ క్రాస్ (పక్క నుంచి గోల్ ముందుకు పంపే బంతి) కొట్టే ముందు బంతిని కుడికాలి మీదికి తెచ్చుకోవాల్సి వచ్చేది. ఆ ఒక్క క్షణంలో ప్రత్యర్థి డిఫెండర్లు సర్దుకునేవారు. మార్కస్ రాష్‌ఫర్డ్, అలెహాంద్రో గర్నాచో గీత పక్కన బంతి అందుకుని దూసుకెళ్లే వింగర్లు. ఈ పద్ధతిలో ఆ స్థానమే లేదు. కాసెమిరో, క్రిస్టియన్ ఎరిక్సన్ ఇద్దరికీ 32 ఏళ్లు నిండాయి. బంతి కాలి దగ్గర ఉంటే ఇద్దరూ ఎంతో అనుభవజ్ఞులు, వెనక్కి పరుగెత్తాల్సి వస్తే ఆ అనుభవం పెద్దగా ఆదుకోదు. ఉగార్టె ఒక్కడే గతంలో స్పోర్టింగ్‌లో అమోరిమ్ కింద ఆడిన మిడ్‌ఫీల్డర్. బంతిని లాక్కోవడంలో దిట్టే గానీ ముందుకు అందించడంలో అంతంత మాత్రం. జట్టులో అందరికన్నా సృజన ఉన్న బ్రూనో ఫెర్నాండెస్‌ను ఆ లోటు పూడ్చడానికి పదేపదే వెనక్కి దించాల్సి వచ్చింది. అలా దించిన ప్రతిసారీ గోల్‌కు దగ్గరగా పాస్ ఇచ్చేవాడు కరువయ్యాడు.

నవంబరు 24న ఇప్స్‌విచ్‌లో జరిగిన తొలి మ్యాచ్‌లోనే ఈ పద్ధతి మంచీ చెడూ రెండూ కనిపించాయి. ఆట మొదలై 81 సెకన్లు గడిచాయో లేదో, అంతవరకు వింగర్‌గానే పేరున్న అమాద్ డియాలో కుడి వింగ్ బ్యాక్ స్థానం నుంచి బంతితో గీత వెంట దూసుకెళ్లి క్రాస్ ఇచ్చాడు, రాష్‌ఫర్డ్ దాన్ని గోల్‌లోకి మళ్లించాడు. ఏ ఏర్పాటైనా ఇంతకన్నా బాగా మొదలవడం కష్టం. ఆ తరువాత కాసెమిరో, ఎరిక్సన్‌ల చుట్టూ ఖాళీలు తెరుచుకున్నాయి. ఆ సీజన్‌లోనే పై డివిజన్‌కు వచ్చిన ఇప్స్‌విచ్ ఆటగాళ్లు ఆ ఖాళీల గుండా స్వేచ్ఛగా సాగారు. గోల్‌కీపర్ ఆండ్రె ఒనానా లియామ్ డెలాప్ కొట్టిన షాట్లను ఆపకపోతే విరామానికే వెనకబడేవారు. 43వ నిమిషంలో ఒమారి హచిన్‌సన్ దూరం నుంచి కొట్టిన బంతి మజ్రావి తలను తాకి గోల్‌లో పడింది. మ్యాచ్ 1-1తో ముగిసింది. ఆ సీజన్ చివరన ఇప్స్‌విచ్ 22 పాయింట్లతో కింది డివిజన్‌కు జారిపోయింది.

ఆ లోటును సాధనతో సరిదిద్దవచ్చు, సాధనకు రోజులుంటే. నవంబరు 24 నుంచి జనవరి 5 వరకు, ఆరు వారాల వ్యవధిలో, యునైటెడ్ 12 మ్యాచ్‌లు ఆడింది. గురువారం యూరోపా లీగ్, ఆదివారం ప్రీమియర్ లీగ్ అన్న వరుసలో మ్యాచ్ మరునాడు అలసట తీర్చుకోవడానికి, దాని మరునాడు ప్రయాణానికి పోతే, కొత్త కదలికలు నేర్పేందుకు మిగిలేది ఒకటో రెండో పూటలు. వరి నాట్లు పడి నెల దాటాక వంగడం మార్చాలనుకునే రైతుకు ఎదురయ్యే ఇబ్బందే అమోరిమ్‌కూ ఎదురైంది. వేసవి సన్నాహంలో ఆరు వారాలు నేర్పాల్సినదాన్ని ఆయన మ్యాచ్‌లలోనే నేర్పాడు, తప్పులన్నీ పాయింట్ల పట్టికలో నమోదయ్యాయి. యునైటెడ్ ఆ సీజన్‌లో మొత్తం 60 మ్యాచ్‌లు ఆడింది, అందులో 42 అమోరిమ్ కాలంలోనివే.

డిసెంబరులో అన్ని పోటీలూ కలిపి జట్టు ఆరు మ్యాచ్‌లు ఓడింది. ఆర్సెనల్ రెండు గోల్స్‌నూ కార్నర్ కిక్‌ల నుంచే చేసింది. నాటింగ్‌హామ్ ఫారెస్ట్ తొలి గోల్ కార్నర్ నుంచే వచ్చింది. బోర్న్‌మత్‌కు ఫ్రీ కిక్ దారి చూపింది. లీగ్ కప్‌లో టోటెన్‌హామ్ ఆటగాడు సన్ హ్యూంగ్ మిన్, లీగ్‌లో వుల్వ్స్ ఆటగాడు మథియస్ కున్యా కార్నర్ నుంచి కొట్టిన బంతి మరెవరి కాలికీ తగలకుండా నేరుగా గోల్‌లోకి పోయింది. ఒకే నెలలో అలాంటివి రెండు గోల్స్ ఇచ్చుకోవడాన్ని దురదృష్టం ఖాతాలో వేయడం కష్టం. ఇది 3-4-3కు సంబంధించిన విషయం కూడా కాదు. నిలిచిన బంతికి ఎదురు ఎవరు ఎక్కడ నిలవాలన్న ప్రాథమిక క్రమశిక్షణకు సంబంధించినది. ఆ నెలలో చెప్పుకోగలిగిన మంచి జ్ఞాపకం ఒక్కటే. డిసెంబరు 15న మాంచెస్టర్ సిటీ మైదానంలో 88వ నిమిషం వరకు వెనకబడి ఉన్న జట్టు, బ్రూనో పెనాల్టీతోనూ, 90వ నిమిషంలో అమాద్ గోల్‌తోనూ 2-1తో గెలిచింది.

ఆ నెల చివరి మ్యాచ్ మొత్తం సీజన్‌ను అర్థం చేసుకోవడానికి ఉపకరిస్తుంది. డిసెంబరు 30న యునైటెడ్ సొంత మైదానం ఓల్డ్ ట్రాఫర్డ్‌కు న్యూకాజిల్ వచ్చింది. బ్రూనో, ఉగార్టె ఇద్దరూ నిషేధం కారణంగా ఆడలేదు. మధ్యలో కాసెమిరో, ఎరిక్సన్ జోడీ నిలిచింది. వారికి ఎదురుగా బ్రూనో గిమరాయిష్, సాండ్రో టొనాలి, జోలింటన్ ముగ్గురు. ఇద్దరి మీద ముగ్గురు, అందునా దమ్మున్న ముగ్గురు. 4వ నిమిషంలో అలెగ్జాండర్ ఇసాక్, 19వ నిమిషంలో జోలింటన్, ఇద్దరూ క్రాస్‌లను తలతోనే గోల్‌లోకి కొట్టారు. 33వ నిమిషంలో అమోరిమ్ స్ట్రయికర్ జిర్క్‌జీని వెనక్కి పిలిచి మిడ్‌ఫీల్డర్ కోబీ మైనూను దించాడు. సొంత అభిమానులలో కొందరు ఆ నిర్ణయానికి చప్పట్లు కొట్టారు. జిర్క్‌జీ తలవంచుకుని లోపలికి నడిచాడు. ఆ చప్పట్లు ఆ కుర్రాడికి అన్యాయమే, ఎందుకంటే లోపం అతడి దగ్గర లేదు. ముందువరుసలో ఒకరిని తీసేసి మధ్యలో ఒకరిని పెంచితే తప్ప మ్యాచ్ చేతిలో ఉండదని కోచే ఒప్పుకున్న సందర్భం అది. మూడో మిడ్‌ఫీల్డర్ వచ్చాక జట్టు కాస్త నిలదొక్కుకుంది, అప్పటికే స్కోరు 0-2. ఆ రాత్రి అమోరిమ్ కింది డివిజన్‌కు జారిపోయే (రిలిగేషన్) ప్రమాదం కూడా ఉందని అంగీకరించాడు.

ఇక్కడ అంకెలు ఒక ఆసక్తికరమైన విషయం చెబుతాయి. టెన్ హాగ్ కింద 9 లీగ్ మ్యాచ్‌లలో జట్టు 8 గోల్స్ చేసి 11 ఇచ్చుకుంది. అమోరిమ్ కింద 27 మ్యాచ్‌లలో 32 చేసి 42 ఇచ్చుకుంది. సగటు తీస్తే, మ్యాచ్‌కు చేసిన గోల్స్ 0.89 నుంచి 1.19కి పెరిగాయి. ఇచ్చుకున్నవి 1.22 నుంచి 1.56కి పెరిగాయి. వెనుక నలుగురి బదులు ఐదుగురిని నిలబెట్టిన జట్టు మునుపటి కన్నా ఎక్కువ గోల్స్ ఇచ్చుకుంది, ముందు గోల్స్ మాత్రం కొంత పెరిగాయి. సాధారణంగా ముగ్గురు సెంటర్ బ్యాక్‌ల ఏర్పాటు రక్షణాత్మకమైనదని విమర్శిస్తారు. ఇక్కడ జరిగింది దానికి విరుద్ధం. డిఫెండర్ల సంఖ్య పెరిగినా వారి ముందు అడ్డుకట్ట లేకపోవడంతో ప్రత్యర్థులు పరుగు మీదనే వారి దాకా చేరారు. మూడు వారాలు బాగా ఆడిన డిఫెండర్‌ను కూడా నాలుగో వారం బలహీనుడిగా చూపించే పరిస్థితి అది.

ఇక గోల్స్ కొంత పెరిగాయన్న మాటకు మరో పక్క ఉంది. అమోరిమ్ కాలంలోని 27 లీగ్ మ్యాచ్‌లలో 11 మ్యాచ్‌లు యునైటెడ్ ఒక్క గోల్ కూడా చేయకుండా ముగించింది. రాస్మస్ హొయ్‌లండ్ మొత్తం లీగ్‌లో 4 గోల్స్, జిర్క్‌జీ 3 చేశారు. నాటింగ్‌హామ్ ఫారెస్ట్ స్ట్రయికర్ క్రిస్ వుడ్ ఒక్కడే 20 చేశాడు. డిసెంబరు 12 తరువాత హొయ్‌లండ్‌కు మళ్లీ గోల్ దక్కింది మార్చి 16న, లెస్టర్ మీద. మధ్యలో అన్ని పోటీల్లో 21 మ్యాచ్‌లు గడిచాయి. అతడు పరుగెత్తే దారులను గమనించి బంతి వేసేవారు లేరన్నది నిజం, వచ్చిన కొద్ది అవకాశాలకు అతడు తడబడ్డాడన్నదీ నిజం. లీగ్‌లో జట్టు తరఫున అత్యధికంగా 8 గోల్స్ చొప్పున చేసిన ఇద్దరూ, బ్రూనో, అమాద్, స్ట్రయికర్లు కారు. జనవరి 16న సౌతాంప్టన్ మీద ఓటమి అంచు నుంచి 3-1 గెలుపు వచ్చిందంటే అమాద్ చివరి పది నిమిషాల్లో చేసిన హ్యాట్రిక్ వల్లనే. అటువంటి ఆటగాడు ఫిబ్రవరిలో చీలమండ గాయంతో మే దాకా దూరమయ్యాడు.

ఈ కరువులోనే రాష్‌ఫర్డ్ వ్యవహారం వచ్చింది. సాధనలో చూపే శ్రద్ధ చాలదంటూ అమోరిమ్ సిటీ మ్యాచ్ నుంచి రాష్‌ఫర్డ్‌ను, గర్నాచోను పక్కన పెట్టాడు. గర్నాచో త్వరలోనే జట్టులోకి తిరిగి వచ్చాడు. రాష్‌ఫర్డ్ రాలేదు. రోజూ పూర్తి శక్తితో శ్రమించని ఆటగాడి కన్నా 63 ఏళ్ల తన గోల్‌కీపింగ్ కోచ్‌నే జట్టులో కూర్చోబెడతానని కూడా ఆయన అన్నాడు. ఫిబ్రవరి మొదట్లో రాష్‌ఫర్డ్ లోన్ మీద, అంటే తాత్కాలికంగా, ఆస్టన్ విల్లాకు వెళ్లాడు. మరో అటాకర్ ఆంటొనీ అంతకుముందే రియల్ బెటిస్‌కు వెళ్లిపోయాడు. వారి స్థానంలో ముందువరుసకు ఎవరినీ తేలేదు. జనవరిలో సీనియర్ జట్టు కోసం చేసిన ప్రధానమైన కొనుగోలు ఎడమ వింగ్ బ్యాక్ పాట్రిక్ డోర్గు. క్రమశిక్షణ విషయంలో కోచ్ వైఖరి సమర్థనీయమే. అయితే గోల్స్ చేసేవారే లేని జట్టు నుంచి ఇద్దరు అటాకర్లను పంపి ఒక్కరినీ తెచ్చుకోకపోవడం క్రమశిక్షణ పరిధిలోకి వచ్చే నిర్ణయం కాదు. దాని ఫలితం వెంటనే తెలిసింది. ఫిబ్రవరి 2న క్రిస్టల్ ప్యాలెస్ మీద హొయ్‌లండ్, జిర్క్‌జీ ఇద్దరినీ బెంచీ మీద కూర్చోబెట్టి, మిడ్‌ఫీల్డర్ మైనూను స్ట్రయికర్ స్థానంలో ఆడించాడు. సొంతగడ్డ మీద 0-2తో ఓడారు. మిగిలిన సీజన్ మొత్తానికి దూరమయ్యేలా లిసాండ్రో మార్టినెజ్ మోకాలికి గాయమైంది. రెండు వారాల తరువాత టోటెన్‌హామ్ మైదానంలో యునైటెడ్ బెంచీ మీద కూర్చున్నవారిలో దాదాపు అందరూ ఇరవై నిండని కుర్రాళ్లే.

అయినా ఇదే జట్టు బలమైన ప్రత్యర్థుల మీద కొన్నిసార్లు బాగా ఆడింది. ఆ సీజన్ విజేత లివర్‌పూల్ మైదానంలో 2-2తో డ్రా చేసుకుంది. ఎఫ్ఏ కప్‌లో పది మందితో ఆడుతూ ఆర్సెనల్‌ను పెనాల్టీ షూటౌట్‌లో ఓడించింది. ఇవి యాదృచ్ఛికం కాదు. లివర్‌పూల్, ఆర్సెనల్, సిటీ వంటివి బంతి తమ దగ్గర ఉంచుకుని ముందుకు వస్తాయి. వారికి ఎదురుగా ఐదుగురు వెనుక, నలుగురు ముందు దగ్గరదగ్గరగా నిలిస్తే మధ్యలో ఇద్దరే ఉన్నారన్న లోటు కనబడదు. బంతి లాక్కున్నాక ప్రత్యర్థి వెనుక ఖాళీ దొరుకుతుంది. వుల్వ్స్, ప్యాలెస్, వెస్ట్ హామ్ వంటివి వచ్చినప్పుడు ఆట తిరగబడుతుంది. వారు వెనక కూర్చుంటారు, యునైటెడ్ ముందుకు రావాలి, వస్తే పాస్ తప్పిన ప్రతిసారీ మధ్య ఖాళీ గుండా ఎదురుదాడి వస్తుంది. ఓల్డ్ ట్రాఫర్డ్‌లో అమోరిమ్ కింద ఆ సీజన్‌లో 7 లీగ్ మ్యాచ్‌లు ఓడటానికి మూలం ఇక్కడే ఉంది. జనవరి 19న బ్రైటన్ చేతిలో 1-3తో ఓడాక, ఇది బహుశా యునైటెడ్ చరిత్రలోనే అతి చెడ్డ జట్టు కావచ్చునని అమోరిమ్ అన్న మాట పత్రికల పతాక శీర్షికల్లోకి ఎక్కింది. నిజాయతీ ఉన్న మాటే. రేపు మళ్లీ అదే ఆటగాళ్లను మైదానంలోకి దింపాల్సిన కోచ్ నోట రావాల్సింది మాత్రం కాదు.

యూరోపా లీగ్‌ను కూడా ఈ వెలుగులోనే చూడాలి. లీగ్ దశను 5 గెలుపులు, 3 డ్రాలతో మూడో స్థానంలో ముగించిన జట్టు, రియల్ సొసీడాడ్, లియాన్, అథ్లెటిక్ బిల్బావ్‌లను దాటి ఫైనల్ చేరింది. అందులో ఏప్రిల్ 17 నాటి లియాన్ మ్యాచ్ ఏ అభిమానీ మరిచిపోలేనిది. 2-0 ఆధిక్యాన్ని పోగొట్టుకుని, 89వ నిమిషంలో కొరాంతాన్ తొలిసో రెడ్ కార్డుతో లియాన్ పది మందికి తగ్గినా, అదనపు సమయంలో మరో రెండు గోల్స్ ఇచ్చుకుని 2-4తో వెనకబడింది. 114వ నిమిషంలో బ్రూనో పెనాల్టీ, 120వ నిమిషంలో మైనూ గోల్, ఆ మరు నిమిషంలోనే స్ట్రయికర్‌గా ముందుకు పంపిన డిఫెండర్ హ్యారీ మగ్వైర్ కాసెమిరో క్రాస్‌ను తలతో కొట్టిన గోల్. 5-4, రెండు మ్యాచ్‌లు కలిపి 7-6. బిల్బావ్‌లో సెమీఫైనల్ తొలి మ్యాచ్‌లోనూ మగ్వైరే కుడి గీత వెంట వింగర్‌లా డిఫెండర్‌ను దాటేసి క్రాస్ ఇస్తే, ఉగార్టె తల తాకి వచ్చిన బంతిని కాసెమిరో గోల్ చేశాడు. అయితే ఆ మూడు పోరాటాల్లోనూ ప్రత్యర్థి జట్టులో ఒకరికి రెడ్ కార్డు పడింది: సొసీడాడ్ ఆటగాడు అరంబురు, లియాన్ ఆటగాడు తొలిసో, బిల్బావ్ ఆటగాడు వివియన్. గెలుపులను తక్కువ చేయడానికి కాదు గానీ, మధ్యలో ప్రత్యర్థికి ఒకరు తగ్గితే ఈ జట్టు ఎలా ఊపిరి పీల్చుకుంటుందో ఆ మ్యాచ్‌లు చూపించాయి.

యూరోపా మీద ఆశ పెరిగే కొద్దీ లీగ్ గాలికి వదిలేసినట్టయింది. మార్చి 16న లెస్టర్ మీద గెలిచాక చివరి రోజు ఆస్టన్ విల్లా మీద గెలిచేదాకా మధ్య ఎనిమిది లీగ్ మ్యాచ్‌లలో జట్టుకు వచ్చినవి రెండే పాయింట్లు. కుర్రాళ్లతో నిండిన జట్లను దింపుతూ, ప్రధాన ఆటగాళ్లను గురువారాల కోసం దాచుకున్నారు. కింది డివిజన్‌కు జారిపోయిన మూడు జట్లు, లెస్టర్ 25, ఇప్స్‌విచ్ 22, సౌతాంప్టన్ 12 పాయింట్లతో, అంత బలహీనంగా లేకపోతే ఈ జూదం ఆడే ధైర్యం ఎవరికీ ఉండేది కాదు. అమోరిమ్ సాధించిన 27 పాయింట్లలో 10 ఆ మూడు జట్ల మీద వచ్చినవే. ఆ సీజన్‌లో ఆయన లీగ్‌లో వరుసగా రెండు మ్యాచ్‌లు ఒక్కసారి కూడా గెలవలేదు.

మే 21న బిల్బావ్‌లో ఫైనల్. లీగ్‌లో 16వ స్థానంలో ఉన్న జట్టుకు ఎదురుగా 17వ స్థానంలో ఉన్న టోటెన్‌హామ్. 42వ నిమిషంలో బ్రెన్నన్ జాన్సన్ ద్వారా వచ్చిన చిందరవందర గోల్ తరువాత టోటెన్‌హామ్ తన పెనాల్టీ ప్రాంతంలోకి ముడుచుకుని కూర్చుంది. హొయ్‌లండ్ తలతో కొట్టిన బంతిని మికీ వాన్ డి వెన్ గాలిలోకి ఎగిరి గోల్ గీత మీద నుంచి తన్నేశాడు. మిగతా సమయమంతా బంతి యునైటెడ్ దగ్గరే ఉన్నా దానితో చేయగలిగింది లేకపోయింది. వుల్వ్స్, ప్యాలెస్ మీద ఓల్డ్ ట్రాఫర్డ్‌లో కనిపించిన మ్యాచే మరో దేశంలో, కప్పు కోసం, మరోసారి జరిగింది. ఆ సీజన్‌లో టోటెన్‌హామ్ చేతిలో యునైటెడ్‌కు అది నాలుగో ఓటమి. ఆ 0-1తో ఐరోపా అగ్రస్థాయి పోటీ అయిన చాంపియన్స్ లీగ్ ప్రవేశం టోటెన్‌హామ్‌కు దక్కింది. యునైటెడ్‌కు 2014-15 తరువాత మొదటిసారి ఐరోపా పోటీలేవీ లేకుండా పోయాయి. జెర్సీ ఒప్పందం ప్రకారం అడిడాస్ చెల్లింపులో కోటి పౌండ్ల కోత కూడా పడింది.

బాధ్యత ఎవరిదన్న ప్రశ్నకు ఒకే పేరు చెప్పడం సులభం గానీ న్యాయం కాదు. 2024 ఫిబ్రవరిలో వాటా కొని ఫుట్‌బాల్ వ్యవహారాలు చేతిలోకి తీసుకున్న జిమ్ రాట్‌క్లిఫ్ బృందం తొలి ఏడాది నిర్ణయాలు ఒకదానికొకటి పొసగలేదు. కోచ్‌ను ఉంచాలా తీసేయాలా అన్నది తేలకముందే అతడి కోసం ఆటగాళ్లను కొన్నారు. వారు వచ్చాక కోచ్‌ను తీసేశారు. ఏరికోరి తెచ్చిన స్పోర్టింగ్ డైరెక్టర్ (క్లబ్ ఆటగాళ్ల వ్యవహారాలు చూసే అధికారి) డాన్ ఆష్‌వర్త్ ఐదు నెలలకే డిసెంబరులో వెళ్లిపోయాడు. ఖర్చులు తగ్గించాలంటూ వందలాది ఉద్యోగులను ఇంటికి పంపిన క్లబ్బే, కోచ్‌ను మార్చడానికి పరిహారాల రూపంలో కోట్లు చెల్లించింది. ముగ్గురు సెంటర్ బ్యాక్‌లతో తప్ప ఆడించని కోచ్‌ను, వింగర్ల కోసం కట్టిన జట్టుకు, సీజన్ మధ్యలో, అతడు తరువాత వస్తానన్నా తీసుకొచ్చినప్పుడు మిగతాదంతా ఊహించదగినదే.

అలాగని అమోరిమ్‌ను పూర్తిగా వదిలేయలేం. తన పద్ధతిని మారిస్తే ఆటగాళ్లు తనను నమ్మరన్నది ఆయన వాదన. ఆ వాదనలో తర్కం ఉంది, ఎందుకంటే ప్రతి ఓటమికీ ఏర్పాటు మార్చే కోచ్ చేతిలో ఏ జట్టూ కుదురుకోదు. అయితే న్యూకాజిల్ మ్యాచ్ 33వ నిమిషంలో ఆయనే ఒక సర్దుబాటు చేశాడు. ముగ్గురు సెంటర్ బ్యాక్‌లను ఉంచుకుంటూనే మధ్యలో ముగ్గురిని నిలబెట్టే 3-5-2 ఆయన సిద్ధాంతానికి పరాయిది కాదు. అలసిన కాళ్లతో ఉన్న మిడ్‌ఫీల్డ్‌కు అది ఊరటనిచ్చేది, బ్రూనోకు కాస్త ముందుకు వెళ్లే వీలు కల్పించేది. ఐదు నెలల పాటు దాన్ని మొదటి నుంచీ ప్రయత్నించకపోవడం కోచ్ ఎంపికే. ఫైనల్ ఓడాక, యాజమాన్యమూ అభిమానులూ తాను తగిన వ్యక్తిని కానని అనుకుంటే పరిహారం అడగకుండా మరునాడే వెళ్లిపోతానని ఆయన చెప్పాడు. క్లబ్ ఆయననే కొనసాగించింది.

ఆ వేసవిలో రాష్‌ఫర్డ్, గర్నాచో, ఆంటొనీ, హొయ్‌లండ్ వేర్వేరు దారుల్లో వెళ్లిపోయారు. కార్నర్ నుంచి నేరుగా తమ మీదే గోల్ చేసిన కున్యాను వుల్వ్స్ నుంచి, అంతకుముందు సీజన్‌లో 20 లీగ్ గోల్స్ చేసిన బ్రయాన్ ఎంబ్యూమోను బ్రెంట్‌ఫర్డ్ నుంచి, స్ట్రయికర్ బెంజమిన్ షెష్కోను లైప్‌జిగ్ నుంచి కొన్నారు. చివరి రోజున గోల్‌కీపర్ సెన్నె లామెన్స్ వచ్చాడు. మొత్తం ఖర్చు మళ్లీ 20 కోట్ల పౌండ్ల పైమాటే. స్ట్రయికర్ వెనుక ఆడే రెండు స్థానాలకూ ఈసారి సరైన మనుషులు దొరికారు. మిడ్‌ఫీల్డర్‌ను మాత్రం ఒక్కరినీ కొనలేదు. 2025 ఆగస్టు 17న కొత్త సీజన్ తొలి మ్యాచ్‌లో ఓల్డ్ ట్రాఫర్డ్‌కు ఆర్సెనల్ వచ్చినప్పుడు మధ్యలో నిలిచింది మళ్లీ ఇద్దరే, కాసెమిరో, బ్రూనో. మునుపటి కన్నా ఎంతో మెరుగ్గా ఆడి, ఎక్కువ షాట్లు కొట్టి కూడా, 13వ నిమిషంలో కార్నర్ కిక్ నుంచి ఇచ్చుకున్న ఒక్క గోల్‌తో 0-1తో ఓడారు.